రాణెమ్మల బావికి సంగటి ముద్ద

నాకు సంబంధం తెచ్చిన పెద్దమనిషి మా ఇంటి అరుగు మీద కూర్చుని, పిల్లవాడిది రాజధాని అని చెప్పాడు. అప్పట్లో కర్నూలు రాజధానిగా ఉండేది. మా అమ్మ కర్నూలే అనుకుంది. గోరంట్ల దగ్గర, వాన పడితే తప్ప గంప నిండని పల్లె మాది. కూతురు రాజధానికి పోతోందని అమ్మ ఊరంతా చెప్పుకుని వచ్చింది. తీరా పెళ్ళిచూపుల నాడు తేలింది, పిల్లవాడిది పెనుకొండ అని. పెనుకొండ రాజధాని కాదని ఎవరూ అనలేరు. కాకపోతే అది విజయనగర రాజుల కాలంలో. నా పెళ్ళిబండి నాలుగు వందల ఏళ్ళు ఆలస్యంగా బయల్దేరింది, అంతే.

అమ్మ మొహం మాడ్చుకుంది గానీ మా నాయన తొణకలేదు. రాజులు పోయినా రాళ్ళు మిగిలి ఉంటాయి కదా, ఇల్లు గట్టిగా ఉంటుంది పొమ్మన్నాడు.

ఆయన మాట నిజమే అయింది. పెనుకొండలో కోట రాయి లేని ఇల్లు నేను చూడలేదు. మా అత్తగారింటి గడప ఏ మహలు గడపో ఎవరికీ తెలీదు. పెరట్లో బట్టలుతికే బండకు ఒక పక్కన ఏనుగు చెక్కి ఉండేది. మొదట్లో దాని మీద మాసిన బట్టలు బాదడానికి నాకు చెయ్యి రాలేదు. పది రోజులు పోయాక దాని తొండం మీదే సబ్బుబిళ్ళ పెట్టుకోవడం మొదలుపెట్టాను. ఆ ఊళ్ళో అందరూ అంతే. ఏ రాజు ఎప్పుడు ఏలాడో అడిగితే తల గోక్కుంటారు. ఏ రాయి ఎవరింటికి పోయిందో మాత్రం తడుముకోకుండా చెబుతారు.

ఇంట్లో మేము నలుగురం. మా ఆయనకు బస్టాండు దగ్గర సైకిళ్ళు బాగుచేసే అంగడి ఉండేది. పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకే రావడం. మా అత్త చిన్న వయసులోనే భర్తను పోగొట్టుకుంది, మా ఆయనకు పాలపళ్ళు కూడా ఊడకముందే. నాలుగో మనిషి అత్తకు తమ్ముడు. నేను మామా అని పిలిచేదాన్ని. పెళ్ళి చేసుకోలేదు. నా పెళ్ళినాటికి ఆయన కర్నూలులో ఉన్నాడు, సర్కారు కచేరీలో బంట్రోతుగా. అక్కడ రాజధాని అంతా డేరాలలోనే నడిచేదట. గాలివాన వస్తే కాగితాలు పట్టుకోవాలా, డేరా పట్టుకోవాలా అని బంట్రోతులు కొట్టుకునేవాళ్ళట. మూడేళ్ళకే రాజధాని హైదరాబాదుకు లేచిపోయింది. పెద్ద ఉద్యోగుల్ని తీసుకుపోయారు. మామలాంటి వాళ్ళను ఇంటికి పొమ్మన్నారు. డేరాలు విప్పినప్పుడు పనికిరాదని పారేసిన మోకుతాడును ఒక చుట్ట భుజాన వేసుకుని ఆయన రైలు దిగాడు. ఇన్నాళ్ళ కొలువుకు ఇదా సంపాదన అని ఊళ్ళో ఆటపట్టించారు. ఆయన ఆ మోకును అటక మీద పెట్టి, కోట చూడటానికి వచ్చేవాళ్ళకు కథలు చెప్పుకుంటూ బతికాడు.

మా అత్త సంగతి కొంచెం చెప్పాలి. నోరు పెద్దది. వీధిలో ఎవరి మాటా పడేది కాదు. అంత మనిషీ నేను గడప దాటి బయటికి పోతున్నానంటే చప్పున పక్కకు తప్పుకునేది, తను ఎదురు రాకూడదని. శుక్రవారం నేను తలంటుకుని వస్తే కుంకుమ భరిణె గూట్లోంచి తీసి కిటికీ మీద పెట్టి, మొహం అటు తిప్పుకుని పెరట్లోకి పోయేది. ఎవరింట్లో పేరంటమైనా పిండి రుబ్బడానికి అత్త కావాలి, పీట వేసే వేళకు అత్త కనపడకూడదు. ఇవన్నీ ఎవరో గద్దిస్తే చేసేవి కావు. ఎవరూ అనకముందే తనే చేసేది. అందుకే నాకు మరీ ఒళ్ళు మండేది. ఒకసారి నేను ఉండబట్టలేక, అట్లా తప్పుకోవద్దు అత్తా అన్నాను. "నీకు తెలీదులేమ్మే, ఊరుకో" అని తన పని తను చూసుకుంది.

నాకు పెళ్ళయిన చాలా ఏళ్ళకు గానీ కడుపు పండలేదు. ఆ ఏళ్ళలో అత్త నన్ను ఒక్క మాట అనలేదు. అనేవాళ్ళను మాత్రం వాళ్ళింటి దాకా పోయి కడిగి వచ్చేది. చివరికి ఆడపిల్ల పుట్టింది. ఆ పసిదానికి మొదటి బొట్టు పెట్టడానికి అత్త ఎదురింటి అక్కను పిలుచుకొచ్చింది. తను దూరంగా గుంజకు ఆనుకుని నిలబడి చూసింది. బిడ్డను రోజంతా ఒళ్ళో పెట్టుకునే మనిషి, బొట్టు వేళకు మాత్రం గుంజ దగ్గర!

బిడ్డ పుట్టిన ఏడే కరువు వచ్చింది. మా సీమకు కరువు చుట్టం లాంటిది, రావడం కొత్త కాదు. కానీ ఆ ఏడు వచ్చిన చుట్టం కదల్లేదు. రెండు వానాకాలాలు వరసగా పోయాయి. శెనగ విత్తనం కూడా తిని కూర్చున్నారు జనం. చెరువు పగుళ్ళిచ్చింది. వీధి బావిలో నీళ్ళు అడుగంటి బురద వచ్చేది. దాన్ని గుడ్డలో వడకట్టి, కుండలో తేర్చుకుని తాగేవాళ్ళం. ఆసుపత్రి కాంపౌండరు కాచి తాగమన్నాడు. బురదను కాస్తే వేడి బురద అవుతుంది, అంతే. పిల్లలకు వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. ఎదురింటి అక్క మనవడు, ఇంకా నడక కూడా రాని పిల్లవాడు, ఆ నెలలోనే పోయాడు. ఆ తర్వాత మా బిడ్డకూ మొదలైంది. పాలు పట్టినా నిలిచేవి కావు. నా రొమ్ములో మాత్రం ఎక్కడివి పాలు? నేను తాగేదీ ఆ బురదే. బిడ్డ ఏడుపు మానేసినప్పుడు నాకు భయం పట్టుకుంది. ఏడ్చే ఓపిక కూడా లేని బిడ్డను ఒళ్ళో పెట్టుకుని కూర్చోవడం పగవాళ్ళకు కూడా వద్దు.

అట్లాగని ఊళ్ళో మంచినీళ్ళు లేవా అంటే ఉన్నాయి. అదే విడ్డూరం.

కూలిన మహళ్ళ వెనక, కొండవాలులో ఒక దిగుడుబావి ఉండేది. మెట్లు సగం కూలి, దిగే దారి మూసుకుపోయింది. పైనుంచి రాయి వేస్తే ఆ కరువులో కూడా లోపల బుడుంగుమనేది. దాన్ని రాణెమ్మల బావి అనేవాళ్ళు. శత్రువులు కోట చుట్టుముట్టినప్పుడు అంతఃపురం ఆడవాళ్ళు మానం కోసం అందులో దూకారని చెప్పుకునేవాళ్ళు. అందుకని ఆ నీళ్ళు ఎవరూ ముట్టరు. ప్రాణం మీదికి వస్తే మాత్రం అడిగి తోడుకోవచ్చట. అడగడానికి ఒక పద్ధతి ఉంది. ఆ రాణెమ్మలు ఊరి ఆడబిడ్డలతో సమానం కాబట్టి, ఒక ముత్తైదువ పోయి వాళ్ళకు పసుపు, కుంకుమ, గాజులు, రవికగుడ్డ ఇచ్చి నీళ్ళడగాలి. వెనకటి పెద్ద కరువులో అట్లాగే చేశారట. చేస్తే ఏమైంది? తోడబోతే తాడు తెగి, కడవ లోపలే పడిపోయింది. మళ్ళీ ఎవరూ ముట్టుకోలేదు.

ఇక్కడే వీధి రెండుగా చీలింది. తాడు ఎందుకు తెగింది? ఒక పక్షం వాళ్ళేమో రాజు యుద్ధంలో చచ్చాకనే రాణులు దూకారు, అంటే విధవలయ్యాక దూకారు, విధవలకు కుంకుమ ఇస్తే అవమానం కాదా, అందుకే కోపం వచ్చింది అన్నారు. ఇంకో పక్షం వాళ్ళు కాదు, రాజు ఇంకా కోట తలుపు దగ్గర పోరాడుతుండగానే దూకారు, ముత్తైదువలుగానే పోయారు, ఆ పొద్దు గాజులు తక్కువైనాయి కాబట్టి కోపం వచ్చింది అన్నారు. కుంకుమ ఇవ్వాలా వద్దా? ఇస్తే ఒక తప్పు, ఇవ్వకపోతే ఒక తప్పు. నాలుగు వందల ఏళ్ళ కిందట చచ్చిన ఆడవాళ్ళ మొహాన బొట్టు ఉండిందా లేదా అని ఆ ఎండలో కొట్టుకున్నాం మేము. తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ పొద్దు నాకు నవ్వు రాలేదు. ఒళ్ళో బిడ్డ కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

ఎదురింటి అక్క ముత్తైదువల పక్షం. అందరికంటే గట్టిగా అరిచేది ఆమే. నిండు పేరంటమే చెయ్యాలి, గాజులు హిందూపురం నుంచి తెప్పించాలి, ఏదీ తక్కువ కాకూడదు అనేది. మొదట నాకు ఆమె మీద మండింది. తర్వాత అర్థమైంది, మనవణ్ణి పోగొట్టుకున్న మనిషి, ఇంకో తప్పు జరిగితే తట్టుకోలేదు. ఆమె గొంతులో ఉన్నది పట్టుదల కాదు, భయం.

చివరికి అందరూ మా మామను అడిగారు. కోట కథలు చెప్పేవాడు కదా, నువ్వే తేల్చు అన్నారు. మా ఇంటి అరుగు మీద కూర్చుని ఆయన, అసలు ఎవరూ దూకలేదు పొమ్మన్నాడు. శత్రువులు రావడానికి ముందే రాజు చంద్రగిరికి రాజధాని మార్చాడని, రాణులు పల్లకీలలో సుఖంగా పోయారని, చదువుకున్న వాళ్ళు చెప్పగా విన్నాడట. ఆ మాటతో రెండు పక్షాల వాళ్ళూ ఏకమై ఆయన మీద పడ్డారు. రాణెమ్మలే లేకపోతే ఇన్నాళ్ళూ మేము మొక్కింది ఎవరికి?

అప్పుడు లోపల తడిక వెనక నుంచి మా అత్త గొంతు వినిపించింది. బిడ్డ అప్పుడు ఆమె ఒళ్ళో ఉంది.

"ఏమిరా, కర్నూలు రాజధాని లేచిపోయిన పొద్దు నిన్ను తీసకపోయినారా?"

మామ తడిక వైపు తిరిగాడు.

"లేదు గదా. మోకుచుట్ట చేతికిచ్చి పొమ్మనిరి. ఆ రాజు గూడా అంతే చేసింటాడు. రాణుల్ని పల్లకీలో ఎక్కించుకుని పోయినాడు. వాళ్ళకు నీళ్ళు తోడేటోళ్ళను, బియ్యం చెరిగేటోళ్ళను ఈడనే ఇడిసిపెట్టి పోయినాడు. దూకినోళ్ళు వాళ్ళు. వాళ్ళే మన రాణెమ్మలు."

మా మామ తల వంచుకుని బొటనవేలితో నేల గీకుతూ కూర్చున్నాడు. నాకు ఆయనను చూస్తే జాలేసింది. డేరాల కాలం గురించి ఆయన నవ్వుతూ చెప్పే కథల్లో ఈ ముక్క ఎప్పుడూ ఉండేది కాదు.

జనం లేచిపోయారు, ఏదీ తేలకుండానే. మా అత్త బిడ్డను నాకిచ్చి పొయ్యి దగ్గరికి పోయింది. ఇంట్లో మిగిలిన రాగిపిండితో సంగటి కెలికింది. ఒక ముద్ద చేసి, పైన ఊరిబిండి పచ్చడి పెట్టి, ఆకులో చుట్టింది. తమ్ముణ్ణి అటక మీది మోకు దించమంది. యాడికక్కా అని ఆయన అడిగాడు. ఆమె ఇత్తడి బిందె చంకన పెట్టుకుని, పట్టపగలు, నడివీధిలో నడిచింది. వెనక మోకు భుజాన వేసుకుని మామ, ఆయన వెనక బిడ్డనెత్తుకుని నేను. దేనికీ ముందు నడవని మనిషి ముందు నడుస్తుంటే, వీధిలో ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. బావి దగ్గరికి చేరేసరికి మా వెనక చాలామంది ఉన్నారు.

ఎదురింటి అక్క పరుగున వచ్చి అడ్డం నిలబడింది. నువ్వు అడగకూడదు వదినా అంది. కోపంగా కాదు, ఏడుస్తూ. అత్త ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా పక్కకు జరిపింది. గట్టు మీద నిలబడి ఆకు విప్పింది. బావిలోకి వంగి మాట్లాడింది, పక్కింటి వాళ్ళతో గోడ మీదుగా మాట్లాడినట్టు.

"అమ్మా, మీరు ముత్తైదువలో ముండమోసినోళ్ళో మాకు తెలీదు. మావోళ్ళు తేల్చలేకపోతాండారు. కుంకుమ తెచ్చేదానికి నేను పనికిరాను. సంగటి తెచ్చినా. ఆకలి అందరికీ ఒకటే గదా. మా ఇంట్లో పసిబిడ్డ ఉండాది, నీళ్ళు కావల్ల. కోపమొస్తే నా మింద సూపించండి, నాకు పోయేదేమీ లేదు."

ముద్ద లోపల పడిన చప్పుడు అందరికీ వినిపించింది. ఆమె మోకుకు బిందె కట్టి దించింది. దించుతూనే ఉంది. ఊళ్ళో ఏ చేదతాడూ అంత లోతుకు అందదు. డేరా మోకు అందింది. పైకి లాగేటప్పుడు మామ, నేను చెయ్యి వెయ్యబోతే కసిరింది. తాడు తెగితే తన చేతిలోనే తెగాలని ఆమె ఉద్దేశం. తెగలేదు. మొదటి బిందెలో ఆకులు, పావురాల ఈకలు వచ్చాయి. వాటిని మెట్ల మీద పారబోసింది. అట్లా చాలా బిందెలు తోడి పోసింది, అరచేతులు బొబ్బలెక్కేదాకా. నీళ్ళు తేట పడ్డాక కొంగులో వడగట్టి, దోసిట్లో పోసుకుని, అందరూ చూస్తుండగా తాగింది.

తాగి, ఇంటికి రాలేదు. ఆ గట్టు మీదే కూర్చుంది. పొద్దు నెత్తి మీదికి వచ్చి, పడమటికి వాలేదాకా ఎండలో అట్లాగే కూర్చుంది, తనకేమీ కాలేదని జనం కళ్ళారా చూడాలని. ఎవరూ ఇంటికి పోలేదు. నేను బిడ్డ మీద కొంగు కప్పి ఒక రాతి నీడన నిలబడ్డాను. రాణెమ్మల మీద నాకు నమ్మకం ఉందో లేదో ఆ పొద్దు తెలీలేదు. అత్తకు ఏదైనా అయితే మాత్రం ఈ ఊరిని నేను క్షమించనని అనుకున్నాను.

చివరికి ఆమె లేచి, కొంగు దులుపుకుని, నిండు బిందె నా ముందు పెట్టింది.

"ఉప్పు గూడా లేవు. కాచి, సల్లార్చి పట్టు" అంది.

మా తర్వాత మొదటి కడవ తెచ్చింది ఎదురింటి అక్కే. అత్త తన చేత్తోనే తోడి ఆమె కడవ నింపింది. అక్క కడవ ఎత్తుకోబోయి, ఎత్తుకోలేక, దాని మెడ పట్టుకుని అక్కడే కూలబడి ఏడ్చింది. ఈ నీళ్ళు కొన్నాళ్ళ ముందు దొరికి ఉంటే అని ఆమె అనలేదు. అనాల్సిన పని లేదు, అందరికీ తెలుసు.

మా బిడ్డ బతికింది. ఒక్కసారిగా కాదు. మొదట నాలుక తడుపుకుంది, తర్వాత పాలు నిలిచాయి, ఒక పొద్దున గొంతు చించుకుని ఏడ్చింది. ఆ ఏడుపు విని మా ఆయన అంగడికి పోకుండా గడపలో కూర్చుండిపోయాడు. వానలు వచ్చేదాకా మూడు వీధులు ఆ బావి నీళ్ళే తాగాయి, ఆ మోకుతోనే. ఇన్నాళ్ళ కొలువుకు ఇదా సంపాదన అని మామను మళ్ళీ ఎవరూ అనలేదు.

వానలు పడ్డాక రాణెమ్మలకు పేరంటం చెయ్యాలని వీధి నిర్ణయించింది. ఇప్పుడు తగవు లేదు. నీళ్ళిచ్చారు కాబట్టి చల్లని తల్లులు, చల్లని తల్లులు కాబట్టి ముత్తైదువలే అని తేలిపోయింది! హిందూపురం నుంచి గాజులు వచ్చాయి. పళ్ళెం నిండా కుంకుమ పోశారు. మా అత్త తెల్లారే లేచి పేరంటానికి పిండి రుబ్బి, పీటలు కడిగి, పెరట్లోకి పోయి పేడ పిసుకుతూ కూర్చుంది. నేను పోనని మొండికేశాను. నువ్వు లేని పేరంటానికి నేనెందుకు అన్నాను. ఆమె తలెత్తకుండానే, బిడ్డనెత్తుకుని పొమ్మంది. బిడ్డకు ఆ తల్లుల కుంకుమ పెట్టించుకుని రమ్మంది. పోయాను. గట్టు మీద కుంకుమ రాశిగా పోశారు, సరిగ్గా ఆమె ఎండలో కూర్చున్న చోట.

తర్వాత ప్రతి ఏడూ ఆ పేరంటం జరిగింది. మా బిడ్డ పరుగులు పెట్టే వయసుకు వచ్చింది. ఒకరోజు అత్తా నేనూ బావి దగ్గర నీళ్ళు తోడుతుంటే, మామ అనంతపురం నుంచి వచ్చిన కాలేజీ పిల్లలను వెంటబెట్టుకుని వచ్చాడు. గట్టు అవతల నిలబడి కథ చెప్పడం మొదలుపెట్టాడు. మేము గట్టు పక్కనున్న రాతిస్తంభానికి ఇవతల ఉన్నాం, ఆయన మమ్మల్ని చూడలేదు. రాజు కథ అయింది, చంద్రగిరి కథ అయింది, కరువు కథకు వచ్చాడు. కరువులో ఊరు అల్లాడుతుంటే, ఈ ఊరి ముత్తైదువ ఒకామె, నుదుట రూపాయంత బొట్టు పెట్టుకుని, పసుపు కుంకుమ పట్టుకుని ఒంటరిగా వచ్చి రాణెమ్మలను నీళ్ళడిగిందని చెప్పాడు. పిల్లలు నోరు తెరుచుకుని విన్నారు. ఒక అమ్మాయి వంగి గట్టు మీది కుంకుమ తీసి నుదుటికి పెట్టుకుంది.

నాకు ఒళ్ళంతా కారం పూసినట్టయింది. సొంత అక్క. మోకు మోసిన మనిషి. మోకు వదిలేసి అటు పోబోయాను. నాలుగు మాటలు అడిగెయ్యాలనే పోబోయాను. అత్త నా కొంగు పట్టుకుంది. నవ్వుతోంది. పళ్ళు రెండు ఊడిపోయిన నోటితో, చప్పుడు కాకుండా నవ్వుతోంది.

"పోనీలేమ్మే వాణ్ని. నా మొగుడు పోయినంక, ఇన్నేండ్లకు నాకు ఒకరు బొట్టు పెట్టినారు."

ఆ మాట అని, బొబ్బల గుర్తులు పోని అరచేత్తో ఉత్తి నుదురు ఒకసారి తడుముకుని, నిండిన బిందెను నా చంకకు ఎత్తింది. నేను ఇంటి వైపు తిరిగేసరికి ఎప్పటిలాగే చప్పున పక్కకు తప్పుకుని, నన్ను ముందు పొమ్మంది.